నడుస్తున్న ప్రోగ్రాముకు తన ఫైలు మారిందని ఎలా తెలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

డిప్లాయ్ అయిపోయింది. కొత్త బైనరీ, అంటే నడపడానికి సిద్ధమైన ప్రోగ్రాం ఫైలు, సర్వర్‌లో చేరింది. ఫైలు తేదీ చూస్తే ఈరోజుదే. అయినా కస్టమర్‌కు నిన్నటి బగ్గే కనిపిస్తోంది. లాగ్‌లు తిరగేసి, క్యాష్ క్లియర్ చేసి, నెట్‌వర్క్ వాళ్లను కూడా ఓ మాట అనేశాక పక్క సీట్లోంచి ఎవరో నెమ్మదిగా అడుగుతారు: "సర్వీస్ రీస్టార్ట్ చేశారా?"

ఆ ప్రశ్న ఇంకొకరు అడగక్కర్లేకుండా ప్రోగ్రామే తనను తాను అడుక్కోగలదా అన్నదే ఇక్కడి విషయం. ఎక్కువగా లినక్స్ గురించే చెబుతున్నాను. విండోస్, మ్యాక్‌లకు విడిగా ఒక ప్రశ్న ఉంది.

ప్రోగ్రాం మొదలవగానే మొత్తం ర్యామ్‌లోకి వచ్చేస్తుంది కదా? ఆ తర్వాత డిస్క్ మీద ఫైలు ఏమైపోతే దానికేంటి?

చాలామంది ఇలాగే అనుకుంటారు. నేనూ కొన్నేళ్లు ఇలాగే అనుకున్నాను. నిజానికి కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం, ఫైలును మొత్తం చదవదు. "ఫైలులోని ఈ భాగం మెమరీలో ఈ అడ్రసు దగ్గర ఉన్నట్టు" అని లెక్క రాసుకుని వదిలేస్తుంది. కోడ్ నడుస్తూ నడుస్తూ ఇంకా మెమరీలోకి రాని చోట అడుగు పెట్టినప్పుడు ఆ పేజీని డిస్క్ నుంచి తెస్తుంది. మామూలు పీసీల్లో పేజీ అంటే 4 కేబీ ముక్క. మెమరీ ఇరుకైతే వాడని పేజీలను పడేస్తుంది, మళ్లీ కావాల్సివస్తే మళ్లీ ఆ ఫైలులోంచే చదువుకుంటుంది. నెలాఖరున మాత్రమే నడిచే రిపోర్ట్ ఫంక్షన్ ఉందనుకోండి, సర్వీస్ మొదలైన ఇరవై రోజులకు గానీ అది మొదటిసారి మెమరీలోకి రాకపోవచ్చు.

అంటే ప్రోగ్రాం బతికున్నంతకాలం ఫైలుతో దానికి పని ఉంటూనే ఉంటుంది.

అలాగైతే ఫైలు మార్చగానే క్రాష్ అవ్వాలి కదా, ఎందుకు అవ్వట్లేదు?

"ఫైలు మార్చాను" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి, ఉన్న ఫైలులోనే పాత బైట్లు చెరిపి కొత్తవి రాయడం. రెండోది, కొత్త ఫైలును పక్కన తయారుచేసి పాతదాని పేరు దీనికి తగిలించడం. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌లో ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. అసలు ఫైలు అంటే ఐనోడ్, దానికో నంబరు ఉంటుంది. పేరన్నది డైరెక్టరీలో "ఫలానా పేరు, ఫలానా ఐనోడ్" అని రాసిన ఒక వరుస మాత్రమే.

మీరు అద్దె ఇంట్లో ఉన్నారనుకోండి. ఓనరు మీ డోర్ నంబరు పలక ఊడదీసి పక్కన కొత్తగా కట్టిన ఇంటికి బిగించాడు. ఇకమీదట ఆ నంబరు వెతుక్కుంటూ వచ్చే చుట్టాలంతా కొత్తింటికే వెళ్తారు. మీరు మాత్రం పాత ఇంట్లోనే ఉన్నారు, మీరు ఖాళీ చేసేదాకా దాన్ని ఎవరూ పడగొట్టరు కూడా. రీనేమ్ పద్ధతిలో జరిగేది ఇదే. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ కొత్త ఫైలును ముందు పేరు చివర ".డీపీకేజీ-న్యూ" తగిలించి విప్పుతుంది, ఆ తర్వాత అసలు పేరుకు రీనేమ్ చేస్తుంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కూడా "ఇన్‌ప్లేస్" అని ప్రత్యేకంగా చెబితే తప్ప ఇదే దారి పడుతుంది.

అందుకే "నా ఫైలు మారిందా?" అనేది రెండు ప్రశ్నలు. నేనున్న ఇల్లు మారిందా అన్నది మొదటిది, దానికి జవాబు దాదాపు ఎప్పుడూ లేదనే. నా డోర్ నంబరు ఇప్పుడు ఏ ఇంటికి ఉంది అన్నది రెండోది. మనకు కావాల్సింది ఈ రెండోదే. ఈ పేజీలో మిగతా గందరగోళమంతా ఒకదాన్ని అడగబోయి ఇంకోదాన్ని అడగడం వల్ల వచ్చేదే.

కాపీ చేస్తుంటే "టెక్స్ట్ ఫైల్ బిజీ" అని వస్తోంది. నాది టెక్స్ట్ ఫైలు కాదే?

ఇక్కడ టెక్స్ట్ అంటే పాత యూనిక్స్ వాడుకలో ప్రోగ్రాములోని కోడ్ భాగం. నడుస్తున్న ఎగ్జిక్యూటబుల్‌లోకి రాయడానికి ఎవరైనా తెరిస్తే కెర్నెల్ ఈ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. కాపీ చేసే సీపీ కమాండ్, అప్పటికే ఉన్న ఫైలులోకే రాస్తుంది కాబట్టి దొరికిపోతుంది. ఎంవీ పేరు మాత్రమే మారుస్తుంది కాబట్టి అడ్డు లేదు. నెట్‌వర్క్ మీద ఎస్‌సీపీతో పంపితే ఇంత వివరం కూడా రాదు, "ఫెయిల్యూర్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టవచ్చు. డిస్క్ నిండిందేమో అని మీరు వెతుక్కుంటూ కూర్చుంటారు. డిప్లాయ్ స్క్రిప్టులో సీపీ బదులు, అదే డిస్క్ మీద పక్క పేరుకు కాపీ చేసి తర్వాత ఎంవీ చేయండి. సమస్య అక్కడితో సరి.

2024లో వచ్చిన 6.11 కెర్నెల్‌లో ఈ కాపలాను తీసేశారు. కొన్ని నెలలు తిరక్కుండానే మళ్లీ తెచ్చి పెట్టారు. ఎంత పాతబడ్డ గోడైనా దానికి ఆనుకుని కూర్చున్నవాళ్లు ఉంటారు మరి.

ఇదంతా కళ్లారా చూడటం ఎలా?

రెండు నిమిషాల పని. స్లీప్ అనే చిన్న కమాండ్ ఉంటుంది కదా, దాన్ని మీ ఫోల్డర్‌లోకి "నిద్ర" అనే పేరుతో కాపీ చేసుకోండి. చివర యాంపర్‌శాండ్ పెట్టి 600 సెకన్లు పడుకోమని బ్యాక్‌గ్రౌండ్‌లో నడపండి. షెల్ ఒక ప్రాసెస్ నంబరు ఇస్తుంది, 4312 అనుకుందాం. నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలను కెర్నెల్ /ప్రాక్ అనే ఫోల్డర్‌లో చూపిస్తుంది. ఇప్పుడు అందులోని /ప్రాక్/4312/ఈఎక్స్‌ఈ అనే లింకును ఎల్‌ఎస్ -ఎల్ తో చూస్తే, బాణం గుర్తు పక్కన మీ ఫోల్డర్‌లోని "నిద్ర" కనిపిస్తుంది.

ఇప్పుడు ఆర్‌ఎమ్‌తో "నిద్ర"ను తీసేసి మళ్లీ చూడండి. అదే దారి, చివర బ్రాకెట్లలో "డిలీటెడ్" అని ఉంటుంది. ప్రాసెస్ మాత్రం నిక్షేపంగా పడుకునే ఉంటుంది. తమాషా ఏంటంటే, ఆ లింకును సీపీతో ఇంకోచోటికి కాపీ చేస్తే తీసేసిన ప్రోగ్రాం మొత్తం బైటికొస్తుంది. పొరపాటున బైనరీ చెరిపేసుకుని, ప్రాసెస్ ఇంకా నడుస్తోంది కదా అని ఇలా వెనక్కి తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

మళ్లీ మొదలుపెట్టి ఈసారి ఆర్‌ఎమ్ బదులు "నిద్ర"ను "నిద్ర.పాత" అని ఎంవీ చేయండి. లింకు ఇప్పుడు "నిద్ర.పాత"ను చూపిస్తుంది. డిలీటెడ్ అన్న మాటే ఉండదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

సరే, నా ప్రోగ్రాములో ఏం రాయాలి?

ప్రోగ్రాం మొదలవగానే రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, మిమ్మల్ని ఏ పేరుతో నడిపారో ఆ పేరు, పూర్తి దారితో సహా. రెండోది, /ప్రాక్/సెల్ఫ్/ఈఎక్స్‌ఈ (సెల్ఫ్ అంటే అడుగుతున్న ప్రాసెస్సే) మీద ఫైలు వివరాలు చెప్పే స్టాట్‌ను పిలిస్తే వచ్చే డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు. స్టాట్ ఈ లింకు గుండా వెళ్లి నేరుగా నడుస్తున్న ఫైలునే చేరుతుంది, దాని పేరు చెరిపేసినా సరే. పేరు మీద స్టాట్ చేసి "ఇదే నా ఐనోడ్" అని రాసుకోకండి. ప్రోగ్రాం మొదలవడానికీ ఈ లైను నడవడానికీ మధ్య పేరు కొత్త ఫైలుకు మారిపోయి ఉంటే, కొత్తదాని నంబరును మీదిగా రాసుకుని జీవితాంతం "అంతా బాగుంది" అంటూ కూర్చుంటారు.

ఆ తర్వాత అప్పుడప్పుడు ఆ పేరు మీద స్టాట్ చేసి రెండు నంబర్లూ పోల్చండి. తేడా ఉంటే పేరు ఇంకో ఫైలుకు వెళ్లిపోయినట్టే. నిమిషానికోసారి చేసినా ఖర్చు లెక్కలోకి రాదు.

"ఐనోడ్ నంబర్లను ఫైల్‌సిస్టమ్ మళ్లీ మళ్లీ వాడుకుంటుంది కదా, కొత్త ఫైలుకు నా పాత నంబరే వస్తే?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. లినక్స్‌లో వాడే ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ నిజంగానే ఖాళీ అయిన నంబర్లను వెంటనే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కానీ మీరు ఇల్లు ఖాళీ చేయలేదు కదా. మీ ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ ఆ ఐనోడ్ విడుదల కాదు. తనను తాను చూసుకునే ప్రోగ్రాముకు ఉన్న సౌలభ్యం ఇది. బయటనుంచి వేరే ప్రోగ్రాం చూస్తూ ఉత్త నంబరు రాసుకుంటే మాత్రం ఈ భరోసా లేదు.

పేరు అసలు కనబడకపోతే వెంటనే కంగారు పడొద్దు. కొన్ని ఇన్‌స్టాలర్లు పాతది చెరిపి, ఒక క్షణం ఆగి కొత్తది పెడతాయి. రెండు మూడు సార్లు చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఆ లింకు చివర "డిలీటెడ్" ఉందో లేదో చూస్తే చాలదా?

చాలదు. ఇందాకటి "నిద్ర.పాత" గుర్తుందా? చాలా డిప్లాయ్ స్క్రిప్టులు వెనక్కి వెళ్లాల్సివస్తుందేమో అని పాత బైనరీని ".ఓల్డ్" అని పేరు మార్చి దాచుకుంటాయి. అప్పుడు ఫైలు చెరగలేదు, లింకు కూడా కొత్త పేరును చూపిస్తుంది. ఆ పేరుతో పోలిస్తే "అదే ఐనోడ్, ఏం మారలేదు" అని వస్తుంది. ఇంటికి వేరే నంబరు పలక పెట్టారు, మీరు దాన్నే చూసి మురిసిపోతున్నారు. అందుకే పేరును మొదట్లోనే పట్టుకుని ఉంచుకోమన్నది.

గో భాషలో ఓఎస్.ఎగ్జిక్యూటబుల్ ఫంక్షన్ వాడేవాళ్లకు ఇంకో మాట. అది ఆ "డిలీటెడ్" తోకను కత్తిరించి ఇస్తుంది. వచ్చిన దారిలో ఇప్పుడున్నది మీ ఫైలే అని నమ్మడానికి లేదు.

తేదీ, అంటే ఎంటైమ్, పోలిస్తే సులభం కదా?

సులభమే. ఎవరో ఫైలులోపలే రాతలు మార్చారేమో చూడటానికి, సైజుతో కలిపి వాడితే ఉపయోగం కూడా. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే ఏదో రోజు ముంచుతుంది.

అందరూ చేసే తప్పు: "కొత్త తేదీ పాతదాని కంటే పెద్దదైతే మారినట్టు" అని రాయడం. రోల్‌బ్యాక్ చేసిన రోజు పాత వెర్షన్ పాత తేదీతోనే తిరిగొస్తుంది, మీ ప్రోగ్రాం దాన్ని పట్టించుకోదు. అసలు రోల్‌బ్యాక్ చేసేదే ఏదో తగలబడుతున్నప్పుడు. పెద్దదా చిన్నదా అని కాదు, సమానమా కాదా అని పోల్చండి. ప్యాకేజీలో వచ్చే ఫైళ్లకు బిల్డ్ చేసిన నాటి తేదీ ఉంటుంది తప్ప మీ సర్వర్‌లో ఎక్కించిన తేదీ ఉండదు. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ వాడేవాళ్ల స్టోర్‌లో అయితే ప్రతి ఫైలు తేదీ 1970 జనవరి 1, అర్ధరాత్రి దాటి ఒక సెకను. అక్కడ తేదీలతో మీరు ఏం కనుక్కుంటారు?

హ్యాష్, అంటే ఫైలులోని బైట్లన్నిటి నుంచి తీసే వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కవేస్తే ఖాయంగా తెలుస్తుందిగా?

తెలుస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 తేడా చూపిస్తే బైట్లు మారినట్టే. కానీ ప్రతి నిమిషం 150 ఎంబీ ఫైలును చదివి లెక్కవేయడం దేనికి? ముందు స్టాట్ పెట్టండి, అక్కడ తేడా కనిపించినప్పుడే హ్యాష్ చూడండి. అదే బిల్డ్‌ను రెండోసారి డిప్లాయ్ చేస్తే ఐనోడ్ మారుతుంది, హ్యాష్ మారదు. ఉత్తపుణ్యానికి రీస్టార్ట్ కాకుండా ఆపడం హ్యాష్ చేసే అసలు ఉపకారం.

దీనికంటే చవకైన దారి బిల్డ్ ఐడీ. కంపైలైన ముక్కలను ఒక బైనరీగా కలిపే లింకర్‌ను అడిగితే, చాలా డిస్ట్రోల్లో అడక్కపోయినా, బైనరీలోనే ఒక గుర్తు రాసిపెడుతుంది. గ్నూ లింకర్ మామూలుగా పెట్టేది 160 బిట్ల గుర్తు. ఫైల్ అనే కమాండ్‌తో చూస్తే కనిపిస్తుంది. ఫైలు మొత్తం చదవక్కర్లేదు, ఆ చిన్న నోట్ చదివితే చాలు.

ఫైర్‌ఫాక్స్ కూడా ఇలాంటి పోలికే చేస్తూ వచ్చింది, కాకపోతే లింకర్ పెట్టేదానితో కాదు, తన సొంత బిల్డ్ ఐడీతో. లినక్స్‌లో బ్రౌజర్ తెరిచి ఉండగా ప్యాకేజీ మేనేజర్ వెనకనుంచి అప్‌డేట్ చేసేసిందనుకోండి. మీరు కొత్త ట్యాబ్ తెరుస్తారు, దానికోసం మొదలయ్యే చైల్డ్ ప్రాసెస్ కొత్త ఫైళ్లలోంచి వస్తుంది. పేరెంట్ పాతది. రెండిటి బిల్డ్ ఐడీలు కుదరకపోతే పేజీకి బదులు "ముందు రీస్టార్ట్ చేయండి" అనే తెర కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫారం నింపుతూ మధ్యలో ఆ తెర చూసి తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ రెండు వెర్షన్ల కోడ్ ఒకదాని డేటా ఒకటి తప్పుగా చదువుకోవడం కంటే అదే నయం.

స్టాట్‌తో పదే పదే చూసే బదులు, మారగానే కెర్నెలే చెప్పే ఏర్పాటు లేదా?

ఉంది. ఐనోటిఫై, 2005లో 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. ఇందులో కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. ఫైలు మీద వాచ్ పెడితే అది ఐనోడ్‌కు అతుక్కుంటుంది, పేరుకు కాదు. మళ్లీ అదే కథ: కాపలావాణ్ని పాత ఇంట్లో కూర్చోబెట్టారు, సందడంతా కొత్తింట్లో. వాచ్‌ను డైరెక్టరీ మీద పెట్టి, మీ పేరుతో ఏదైనా "మూవ్డ్ టు" గానీ "క్లోజ్ రైట్" గానీ వచ్చిందా అని చూడాలి. రాస్తున్నప్పుడల్లా వచ్చే "మాడిఫై" ఘటనకు స్పందిస్తే సగం రాసిన ఫైలును నడపబోయి దెబ్బతింటారు.

నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకో మెషీన్ మార్చిన ఫైలు సంగతి ఐనోటిఫైకి తెలియదు. నా మాటకైతే, తన సొంత బైనరీ ఒక్కదాని కోసం ఇంత హడావుడి అనవసరం. నిమిషానికో స్టాట్ చాలు.

మేం ప్రతి రిలీజ్‌నూ వేరే ఫోల్డర్‌లో పెట్టి "కరెంట్" అనే సింలింక్ (ఇంకో దారిని చూపే లింకు) మారుస్తాం. ఇదంతా పనిచేస్తుందా?

జాగ్రత్తగా రాస్తే పనిచేస్తుంది. అలా రాయక నేను ఒకసారి బాగానే దెబ్బ తిన్నాను.

అప్పట్లో నేను పనిచేసిన చోట ఇదే ఏర్పాటు. మార్పు కనుక్కుని తనంతట తాను రీస్టార్ట్ అయ్యే కోడ్ నేనే రాశాను. /ప్రాక్/సెల్ఫ్/ఈఎక్స్‌ఈ లింకు చదివి, అందులో వచ్చిన దారిని మొదట్లోనే దాచుకుని, దాని మీద స్టాట్ చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అసలు సంగతేంటంటే, ఆ లింకు సింలింక్‌లన్నీ విప్పేసిన అసలు దారిని ఇస్తుంది. "కరెంట్" అన్న మాట అందులో ఉండదు, "రిలీజ్ 41" అని ఉంటుంది. 42 వచ్చింది, 43 వచ్చింది, "కరెంట్" అటు తిరిగింది. "రిలీజ్ 41" ఫోల్డర్ ఎక్కడిదక్కడే ఉంది. నా కోడ్ మూడు వారాలపాటు "ఏం మారలేదు" అనే చెప్పింది. ఎవరో చేత్తో రీస్టార్ట్ చేస్తూ ఉండటంతో బయటపడలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి, పాత రిలీజ్‌లను ఊడ్చే క్రాన్ జాబ్, అంటే వేళకు తనంతట తాను నడిచే పని, నడిచింది. చేత్తో రీస్టార్ట్ చేయని సర్వర్లన్నిటికీ తమ ఫైలు ఒకేసారి మాయమైంది. అన్నీ ఒకే నిమిషంలో రీస్టార్ట్ అయ్యాయి. రాత్రి రెండింటికి ఫోన్ మోగింది.

నేర్చుకున్నవి రెండు. నడిపిన పేరును, అంటే "కరెంట్" ఉన్న దారిని, సర్వీస్ కాన్ఫిగ్ నుంచే తీసుకోవాలి. రీస్టార్ట్‌కు ముందు ప్రతి సర్వరూ తనకు తోచినంత సేపు, కొన్ని నిమిషాల్లోపు, ర్యాండమ్‌గా ఆగాలి.

నా బైనరీ మారలేదు, కానీ అది వాడే లైబ్రరీ అప్‌డేట్ అయింది. అది తెలుస్తుందా?

బైనరీ ఒక్కదాన్ని చూస్తే తెలియదు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం సరిచేసి కొత్త ప్యాకేజీ ఎక్కించినా, నడుస్తున్న మీ సర్వీస్ పాత లైబ్రరీనే పట్టుకుని ఉంటుంది. సెక్యూరిటీ టీమ్ రిపోర్టులో "ప్యాచ్ అయింది" అని ఉంటుంది, లోపం మాత్రం మెమరీలో అలాగే ఉంటుంది. ఒక ప్రాసెస్ ఏమేం పట్టుకుని ఉందో దాని /ప్రాక్ ఫోల్డర్‌లో "మ్యాప్స్" అనే ఫైలులో ఉంటుంది. అందులో ".ఎస్‌ఓ" తో ముగిసే లైబ్రరీ పేరు పక్కన "డిలీటెడ్" కనిపిస్తే పాతది నడుస్తోందని అర్థం. డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో నీడ్స్-రీస్టార్టింగ్ ఇలాంటి పాతవాటిని వెతికి పెడతాయి.

లైబ్రరీలకు "టెక్స్ట్ ఫైల్ బిజీ" కాపలా కూడా లేదు. నడుస్తున్న లైబ్రరీ మీద సీపీ చేస్తే కెర్నెల్ నోరెత్తదు. కొంచెం పాతవి, కొంచెం కొత్తవి పేజీలు కలిసిపోయి, దాన్ని వాడే ప్రాసెస్‌లు ఎక్కడపడితే అక్కడ కూలిపోతాయి.

మాది పైథాన్. బైనరీ మారేదేం లేదు. మాకేంటి?

మీకు "ఎగ్జిక్యూటబుల్" అంటే పైథాన్ ఇంటర్‌ప్రెటరే. మార్పు వచ్చేది .పీవై ఫైళ్లలో. ఒకసారి ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ మెమరీలోనే ఉంటుంది, ఫైలు మారిస్తే దానికి తెలియదు. జాంగో రన్‌సర్వర్ తెలుసుకుంటుంది, ఎందుకంటే అది లోడ్ అయిన మాడ్యూళ్ల ఫైళ్లన్నిటి ఎంటైమ్‌నూ సెకనుకోసారి చూసి, తేడా కనిపిస్తే ప్రాసెస్‌ను కొత్తగా మొదలుపెడుతుంది. డెవలప్‌మెంట్‌కు బాగుంటుంది, ప్రొడక్షన్‌లో పెట్టొద్దు.

ఒక చిత్రం చెబుతాను. పైథాన్ ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో లైన్ నంబరు మెమరీలోని పాత కోడ్‌ది. దాని కింద చూపించే వాక్యం మాత్రం అప్పుడు డిస్క్ నుంచి చదివినది. మధ్యలో ఫైలు మారితే 88వ లైనులో "జీరో డివిజన్ ఎర్రర్" అని ఉంటుంది, కింద చూస్తే ఒక కామెంటో, ఖాళీ బ్రాకెట్టో కనిపిస్తుంది. కామెంట్ ఎలా సున్నాతో భాగించింది అని బుర్ర గోక్కోవాల్సిన పనిలేదు. డిప్లాయ్ అయింది, రీస్టార్ట్ కాలేదు, అంతే.

బాష్ స్క్రిప్టుల సంగతి ఇంకా ఘోరం. బాష్ స్క్రిప్టును ముందే మొత్తం చదవదు, కొంత చదివి, నడిపి, ఆగిన చోటునుంచి మళ్లీ చదువుతుంది. నానో వంటి ఎడిటర్‌తో మధ్యలో రెండు లైన్లు చేర్చి సేవ్ చేస్తే, అది ఆగిన చోటు ఇప్పుడు వేరే లైను నడిమధ్య అయి ఉంటుంది. సగం కమాండ్ నడుస్తుంది. పెద్ద స్క్రిప్టులన్నిటినీ ఒక మెయిన్ ఫంక్షన్‌లో చుట్టి, చివరి లైనులో దాన్ని పిలిచి, అదే లైనులో ఎగ్జిట్ పెట్టే అలవాటు ఇందుకే.

జావా వాళ్లకు ఒక్క ముక్క: నడుస్తున్న జార్ మీద సీపీ చేయకండి. ఇంకా లోడ్ కాని క్లాసు అవసరమైన నాడు "నో క్లాస్ డెఫ్ ఫౌండ్" అంటూ మొదలవుతుంది.

విండోస్, మ్యాక్‌లలో?

విండోస్‌లో నడుస్తున్న ఈఎక్స్‌ఈలోకి రాయనివ్వదు, మామూలుగా చెరపనివ్వదు కూడా. కానీ అదే డ్రైవ్‌లో పేరు మార్చనిస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. అప్‌డేటర్లు పాతదాని పేరు మార్చి కొత్తదాన్ని అసలు పేరుతో పెడతాయి. పాతదాన్ని తర్వాతెప్పుడో, లేదా రీబూట్ అయినప్పుడు తీసేయమని విండోస్‌కు చెప్పి పెడతాయి.

మ్యాక్‌లో కోడ్ సైనింగ్ వచ్చాక కథ మారింది. సంతకం ఉన్న బైనరీలో బైట్లను అక్కడికక్కడే మారిస్తే, పేజీ లోడ్ అయ్యేటప్పుడు సంతకం కుదరక కెర్నెల్ ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. టెర్మినల్‌లో "కిల్డ్: 9" తప్ప ఇంకేం కనిపించదు. యాపిల్ సిలికాన్ మెషీన్లలో సంతకం లేని నేటివ్ కోడ్ అసలు నడవదు కాబట్టి ఇది అందరికీ తగిలేదే. అక్కడ కూడా మందు అదే: కొత్త ఫైలు, తర్వాత రీనేమ్.

మారిందని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

కనుక్కోవడం కంటే కష్టమైన భాగం ఇది. తొందరపడి ఎగ్జెక్ పిలిచి తన మీద తానే కొత్త వెర్షన్‌ను నడుపుకోవచ్చు. ప్రాసెస్ నంబరు మారదు, "క్లోజ్ ఆన్ ఎగ్జెక్" పెట్టని సాకెట్లు తెరిచే ఉంటాయి. కానీ మెమరీలోని సమస్తం పోతుంది. ఎవరిదో రిక్వెస్ట్ సగంలో ఉంటే అదీ పోతుంది. నేనైతే చేతిలో ఉన్న పనులు ముగించి, కొత్తవి తీసుకోవడం ఆపి, మామూలుగా ఎగ్జిట్ అయిపోమంటాను. సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ మళ్లీ లేపుతుంది. యూనిట్ ఫైలులో "రీస్టార్ట్" విలువ "ఆల్వేస్" ఉండాలి, "ఆన్-ఫెయిల్యూర్" ఉంటే సున్నాతో ఎగ్జిట్ అయినప్పుడు లేపదు.

వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ తనంతట తాను కనుక్కునే జోలికే పోదు. కొత్త బైనరీ పెట్టి మీరు యూఎస్‌ఆర్2 సిగ్నల్ పంపితే కొత్త మాస్టర్‌ను మొదలుపెడుతుంది. పాతది, కొత్తది కొంతసేపు పక్కపక్కనే నడుస్తాయి. కొత్తది బాగుందనిపిస్తే పాతదాన్ని మీరే సాగనంపుతారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

క్రోమ్ లినక్స్‌లో వేరే దారి ఎంచుకుంది. మొదలవగానే జైగోట్ అనే ప్రాసెస్‌ను పుట్టించి పక్కన ఉంచుకుంటుంది. తర్వాత ట్యాబ్‌ల ప్రాసెస్‌లు కావాల్సినప్పుడు డిస్క్ మీది బైనరీని కొత్తగా నడపకుండా దీన్నే ఫోర్క్ చేస్తుంది, అంటే దీని నకలే తీస్తుంది. డిస్క్ మీద ఏం మారినా అన్నీ ఒకే వెర్షన్‌వి.

అసలు పట్టించుకోకపోతే ఏమవుతుంది?

తన బైనరీని మధ్యలో మళ్లీ నడిపే ప్రోగ్రాముకు ప్రమాదమే. దూరం నుంచి వచ్చే లాగిన్లను అందుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రతి కొత్త కనెక్షన్‌కూ తనను తాను మళ్లీ ఎగ్జెక్ చేసుకునేది. 2024 జులై 1న వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో దాన్ని రెండు బైనరీలుగా విడదీశారు: కనెక్షన్ వినేది ఒకటి, సెషన్ నడిపేది ఇంకొకటి. పాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ నడుస్తుండగా ప్యాకేజీ అప్‌డేట్ అయితే, పాతది డిస్క్ మీది కొత్తదాన్ని పిలుస్తుంది, ఇద్దరికీ పొసగదు, కొత్త లాగిన్లు ఆగిపోతాయి. అప్‌గ్రేడ్ అయిన వెంటనే ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీస్టార్ట్ చేయండని ఆర్చ్ లినక్స్ ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. దూరంలో ఉన్న సర్వర్‌కు అదొక్కటే తలుపు అయితే, లాగౌట్ అయ్యాక తెలిసేది ఆ సంగతి.

ఇలా చూసుకుంటే హ్యాకర్ల నుంచి రక్షణ ఉన్నట్టేనా?

లేదు. మీ ఫైలును మార్చగలిగినవాడు అందులోని చెక్‌ను కూడా మార్చగలడు. తాళం, తాళంచెవి ఒకే గుమ్మానికి వేలాడదీసినట్టు. ప్రమాదవశాత్తూ జరిగిన మార్పులు పట్టుకోవడానికే ఈ పద్ధతులు. భద్రత కావాలంటే పరీక్ష ప్రోగ్రాము బయట, కెర్నెల్‌లో జరగాలి. ఎఫ్‌ఎస్-వెరిటీ, ఐఎమ్ఏ వంటివి ఉన్నది అందుకే.

ఒక అసలు కేసు మాత్రం చెప్పుకోవాలి. 2019 ఫిబ్రవరిలో రన్‌సీలో బయటపడ్డ లోపం, సీవీఈ-2019-5736. కంటైనర్లను నడిపే రన్‌సీ, కంటైనర్ లోపలికి అడుగుపెట్టినప్పుడు లోపలివాడు /ప్రాక్/సెల్ఫ్/ఈఎక్స్‌ఈ గుండా హోస్ట్ మీది రన్‌సీ బైనరీని పట్టుకునేవాడు. నడుస్తున్నంతసేపు "టెక్స్ట్ ఫైల్ బిజీ" అడ్డం. అందుకని పట్టు వదలకుండా, రన్‌సీ పని ముగిసేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ముగిసిన క్షణాన దానిలోకి తన కోడ్ రాసేవాడు. మర్నాడు ఎవరైనా రన్‌సీ నడిపితే రూట్‌గా నడిచేది అతని కోడ్. దిద్దుబాటుగా రన్‌సీ మొదట తన కాపీని మెమరీలో సీల్ వేసిన ఫైలుగా చేసుకుని అక్కడినుంచి నడవడం మొదలుపెట్టింది. తన ఫైలు మారిందా అని చూసుకోవడం కాదు, మార్చడానికి చేతికి దొరక్కుండా చేసుకోవడం.

డాకర్‌లో నడిపితే ఇదంతా అక్కర్లేదుగా?

ఇమేజ్ మార్చి కొత్త కంటైనర్ లేపుతుంటే అక్కర్లేదు. బైనరీని హోస్ట్ నుంచి ఒక్క ఫైలుగా బైండ్ మౌంట్ చేసి ఉంటే, అంటే హోస్ట్ మీది ఫైలే లోపల కనిపించేలా పెట్టి ఉంటే మాత్రం ఒక చిక్కు ఉంది: మౌంట్ పట్టుకునేది ఐనోడ్‌ను. హోస్ట్‌లో రీనేమ్‌తో కొత్తది పెడితే కంటైనర్‌లో ఆ పేరు పాత ఫైలునే చూపిస్తుంది. లోపలి స్టాట్ ఎన్నిసార్లు అడిగినా మారలేదనే అంటుంది, దాని లోకంలో అది నిజం కూడా. ఫైలును కాదు, ఫోల్డర్‌ను మౌంట్ చేయండి.

మొత్తానికి నా సర్వీస్‌లో ఇది పెట్టమంటారా?

రీస్టార్ట్ అయ్యే భాగం, చాలామందికి వద్దంటాను. కనిపెట్టి చెప్పే భాగం పెట్టండి. హెల్త్ పేజీలో రెండు లైన్లు చాలు: నడుస్తున్న బిల్డ్ ఐడీ, డిస్క్ మీది బిల్డ్ ఐడీ. రెండూ వేరుగా ఉండి పావుగంట దాటితే అలర్ట్ పంపండి. పక్క సీటు మనిషి ఆరోజు సెలవులో ఉన్నా ఇబ్బంది లేదు.